యూనివర్సల్ సార్ జీవితచరిత్రకు నా తెలుగు అనువాదం

ఆ రోజుల్లో మా దీవుల్లో మెయిన్‌లాండ్ నుంచి ఓడ దిగినవాడు తెలివైనవాడు, విమానం దిగినవాడు మేధావి. విమానం దిగి, ఒళ్ళంతా చెమటతో నానిపోతున్నా కోటు విప్పనివాడు ఇంకెవరు, ప్రొఫెసరు. ఆ రోజుల్లో అంటే మా తాతల కాలం అనుకునేరు, మొబైల్ ఫోన్లు వచ్చాక కూడా మా బుద్ధి ఇంతే. ఇప్పుడు నేనే ప్రొఫెసర్ని కాబట్టి ఆ గౌరవంలో ఎంత గాలి ఉందో లోపలి నుంచి చూసి మరీ చెబుతున్నాను. (నాకు కోటు లేదు. ఉక్కపోత ఉంది.)

అప్పటికి నేను పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక కాలేజీలో ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంటులో కాంట్రాక్టు లెక్చరర్ని. జంగ్లీఘాట్‌లో చేపలు పట్టే ఇంటి పిల్లను. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ వలలు వేశారు, మా నాన్న డోంగీ మీద సముద్రంలోకి వెళ్తాడు (ఇంజను పెట్టిన చిన్న చెక్క పడవను మేం అలాగే అంటాం), మా అమ్మ ఆ చేపలు అమ్ముతుంది. మా వీధిలో ఇంజనీరింగు గట్టెక్కిన మొదటిదాన్ని కనుక, నేను రోడ్డు మీద నడుస్తుంటే ముసలమ్మలు పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్ళు. ఆ ఏడు డిపార్ట్‌మెంటులో ఒక పర్మనెంటు పోస్టు పడింది. అది నాకు రావాలంటే హెడ్ గారు నా ఫైలు మీద మంచిమాట రాయాలి. ఆ హెడ్ గారే ఈ కథానాయకుడు, పిల్లలు ముద్దుగా పిలుచుకునే యూనివర్సల్ సార్. (ముద్దు అని మర్యాదకు అన్నాను.)

ఆ పేరు ఆయన డాక్టరేటు థీసిస్ నుంచి వచ్చింది. ప్రపంచంలో ఏ ఊళ్ళోనైనా వీధి దీపాలు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో ఒక్క లెక్కతో తేల్చిపారేశానని ఆయన నమ్మకం. థీసిస్ పేరులోనే ‘యూనివర్సల్’ అని ఉంది. దాని సారాంశం విన్నవాళ్ళు ముక్కున వేలేసుకోవాల్సిందే: దీపాలు సాయంత్రం ఆరున్నరకు వెలగాలి, పొద్దున ఆరున్నరకు ఆరాలి. ఇంత మాత్రం చెప్పడానికి ఆయన అన్నేళ్ళు తీసుకున్నారు, అది నిజమేనని ఒప్పుకోవడానికి ముగ్గురు పరీక్షకులు కలిసి కూర్చున్నారు, ఆ తర్వాత అందరూ కలిసి భోంచేశారు. ఆ తిండి అరిగిన నాటి నుంచి ఆయన మరో పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. డీజిల్ జనరేటర్లతో కరెంటు పుట్టించుకునే మా దీవిలో కూర్చుని, రాష్ట్రాలకు రాష్ట్రాలు దాటిపోయే భారీ లైన్ల గురించి, పసుపు రంగుకు తిరిగిన పాత నోట్సు చూసి డిక్టేషన్ చెప్పేవారు. తుష్నాబాద్ నుంచి బస్సులో వేలాడుతూ వచ్చిన పిల్లాడు ఒకసారి, “సార్, మా ఊళ్ళో రోజూ కరెంటు ఎందుకు పోతుంది?” అని అడిగితే, “సిలబస్‌లో లేదు” అని కూర్చోబెట్టారు.

ఇక్కడ మా సూర్యుడి గురించి ఒక మాట చెప్పాలి. మా దీవులు దేశానికి బాగా తూర్పున ఉన్నాయి, గడియారం మాత్రం ఢిల్లీ వాళ్ళదే పెట్టుకున్నాం. అందుకని మాకు తెల్లారడమూ ముందే, పొద్దుగూకడమూ ముందే. డిసెంబరులో అయితే ఐదింటికల్లా సూర్యుడు కొండ వెనక్కి జారుకుంటాడు, ఐదున్నరకు ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనపడదు. ఇది మా దగ్గర పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. యూనివర్సల్ సార్ మూడేళ్ళుగా మా దీవిలో ఉంటూ దీన్ని గమనించలేదు. పొద్దున్నే ఏసీ గదిలోకి దూరి, పరదాలు వేసుకుని, లైట్లు వేసుకుని, రాత్రి ఏడింటికి బయటికి వచ్చేవారు. ఏడింటికి ఎక్కడైనా చీకటే కదా. చీకట్లో కారెక్కేవారు, చీకట్లో దిగేవారు.

ఆయనకు ఉన్నట్టుండి ప్రజాసేవ మీద ప్రేమ పుట్టింది. (పై పదవికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది.) జంగ్లీఘాట్‌లో డోంగీలు ఆగే జెట్టీ దగ్గర సోలార్ దీపాలు పెట్టించి, తన థీసిస్‌ను సముద్రతీరానికి అంకితం చేస్తానన్నారు. ఆ పిల్ల అక్కడిదే కదా అని నన్ను అసిస్టెంటుగా వేశారు. దీపాలకు పెట్టే టైమరు పెట్టె మెయిన్‌లాండ్ నుంచి సీలు వేసి తెప్పించారు. ఆరున్నర అన్న మాట విని నేను ఉండబట్టలేక, “సార్, ఇక్కడ ఐదున్నరకే చీకటి పడిపోతుంది. డోంగీలు వచ్చేది ఆ టైముకే. గంట ముందుకు పెడదాం” అన్నాను.

సార్ నా వైపు జాలిగా చూశారు. “మేడమ్, దేశం మొత్తానికి ఒకటే టైము. మీ జంగ్లీఘాట్‌కు వేరే ఉందా?”

“టైము ఒకటే సార్. సూర్యుడే...”

“సూర్యుడితో మనకేం పని? యూనివర్సల్ అంటే అర్థం తెలుసా?”

ఒళ్ళు మండింది. కానీ ఫైలు గుర్తొచ్చి, తెలుసు సార్ అని తలూపి వచ్చేశాను.

అప్పటిదాకా జెట్టీ చివర ఒక వెదురు గెడ, దానికో బల్బు ఉండేవి. టీ కొట్టు దీదీ తన కొట్లోంచి వైరు లాగి పెట్టింది. పొద్దుగూకుతుండగా ఆవిడే స్విచ్చి వేసేది. జెట్టీకి కుడివైపు నీళ్ళలో పాత జెట్టీ తాలూకు విరిగిన కాంక్రీటు స్తంభాలున్నాయి. పోటు మీద అవి మునిగిపోయి కనిపించవు, తగిలితే మాత్రం డోంగీ అడుగు చీలిపోతుంది. ఆ బల్బును చూసుకుని, స్తంభాలను తప్పించుకుని మా వాళ్ళు ఒడ్డుకు వచ్చేవాళ్ళు. ప్రారంభోత్సవం రోజు మధ్యాహ్నం సార్ వచ్చి ఆ గెడను చూసి, అదేదో తన థీసిస్‌కు పడిన మచ్చ అయినట్టు, “ఫొటోలో ఇది రాకూడదు, పీకేయండి. చుట్టుపక్కల కొట్లు కూడా లైట్లు ఆర్పాలి. చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగు రావాలి” అన్నారు. పీకేశారు. గెడ ఉన్నచోట స్వాగత ద్వారం పాతారు. దీదీ వైరు చుట్టుకుంటూ ఆయనను హిందీలో ఏవో అంది, అవి ఇక్కడ రాసేవి కావు.

సార్ పథకం ప్రకారం పెద్ద ఆఫీసరు గారు ఆరుంబావుకు వస్తారు, మాలలు అవీ అయ్యేసరికి ఆరున్నర, అప్పుడు ఎర్ర బటను నొక్కుతారు, దీపాలు వెలుగుతాయి. అంతా బాగానే ఉంది. కానీ ఆ ఆఫీసరు గారు చాలా ఏళ్ళుగా దీవుల్లో ఉన్న మనిషి. దీపాలు పెట్టే వేళ అంటే ఐదున్నరేగా అనుకుని ఆ వేళకే కారు దిగారు. ఉన్నపళంగా మాల వేశారు. ఆయన చేయి చాచి బటను నొక్కారు.

ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కారు. కనుచీకటి కాస్తా చిక్కబడింది. ఆయన ఈసారి బొటనవేలితో అదిమి పట్టారు. ఎర్ర బటను ఉన్నది పెట్టెకు అనుమతి ఇవ్వడానికే, పెట్టె మాత్రం ఆరున్నర కోసం కూర్చుంది. నేను సార్ చెవిలో ఆ మాటే చెప్పాను. కానీ ఒప్పుకోవాలి, ఆయన ప్రొఫెసరు ఊరికే కాలేదు. గబుక్కున మైకు అందుకుని, “వెలుగు రావడానికి ముందు, ఆ వెలుగు వెనక ఉన్న జీవితం గురించి సభికులు తెలుసుకోవాలి” అని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. అంటే ఆరున్నర దాకా తన జీవితచరిత్ర చెబుతారన్నమాట. నన్ను పక్కకు లాగి, “నువ్వు తెలుగులో చెప్పు. స్థానిక భాష అంటే ఆఫీసరుకు బాగుంటుంది” అన్నారు. (మా వాళ్ళందరికీ ఆయన కంటే బాగా హిందీ వచ్చు. ఆయనకూ ఆఫీసరుకూ మాత్రం తెలుగు ఒక్క ముక్క రాదు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి.)

వేదిక జెట్టీ అంచున, సముద్రానికి వీపు పెట్టి వేశారు. జనం అంతా సముద్రం వైపు ముఖం పెట్టి కుర్చీల్లో, నేల మీద కూర్చున్నారు. మేమిద్దరం వీపు వెనక చీకటి నీళ్ళతో మైకు దగ్గర నిలబడ్డాం. మైకుకు మాత్రం ఒక బ్యాటరీ ఉంది, దేవుడి దయ.

సార్ పుట్టారు. పేద ఇంట్లో పుట్టారు. వీధి దీపం కింద చదువుకున్నారు. (ఈ దేశంలో వీధి దీపం కింద చదువుకోని గొప్పవాడు ఒక్కడైనా ఉంటే చూడాలని నా కోరిక.) నేను అక్షరం పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను. ముందు వరసలో కూర్చున్న మా ముసలత్త, “పాపం! ఆ దీపం ఎన్నింటికి ఎలిగీదో అడగవే” అంది. పక్కవాళ్ళు కిసుక్కున నవ్వారు. సార్ నవ్వులు విని, మన కథ జనానికి పట్టింది అనుకుని, గొంతు పెంచి పదో తరగతిలోకి వెళ్ళారు.

ఇంటర్మీడియెట్ నడుస్తుండగా మా అమ్మ వేదిక పక్కకు వచ్చి నా చీర కొంగు లాగింది. చేపల బుట్ట చంకలోనే ఉంది. “ఓలే గుంటా, అందరి డోంగీలూ వొచ్చీసినాయి. మీ నాన్నొక్కడే రానేదు. పోటు మీదుంది నీరు. ఆ బత్తీ ఎందుకే పీకీసినారు?” అంది. అమ్మ గొంతులో వణుకు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. ఫోను చేద్దామంటే నాన్న దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇంజను పెట్టెలో పడేస్తాడు, ఆ మోతలో మోగినా వినపడదు.

సార్ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, “సార్, మా నాన్న పడవ ఇంకా రాలేదు. ఆ చీకట్లో స్తంభాలు కనపడవు. కార్యక్రమం ఆపి కొట్ల లైట్లయినా వేయిద్దాం” అన్నాను.

మైకుకు చేయి అడ్డం పెట్టి సార్ పళ్ళ బిగువున అన్నారు: “ఇప్పుడు లైటు వేస్తే ఫొటో ఏం కావాలి? కాసేపట్లో మనవే వస్తాయి కదా. నీ పర్మనెంటు ఫైలు నా టేబుల్ మీదే ఉంది, గుర్తుందా? ట్రాన్స్‌లేట్ చెయ్.” తర్వాత జనం వైపు తిరిగి చిరునవ్వుతో బి.టెక్‌లో చేరారు.

మనుషుల్ని చూసి భయపడటం నాకు అప్పటిదాకా అలవాటే. ఆ క్షణాన మాత్రం ఆ కోటును చూస్తే నాకు భయం వేయలేదు, అసహ్యం వేసింది. నడిసముద్రంలో ఉన్న మనిషి కంటే ఫొటో ముఖ్యమైనవాడికి దీపాల మీద డాక్టరేటు ఇచ్చినవాళ్ళను తలుచుకుంటే మరీ అసహ్యం వేసింది. నేను మైకు దగ్గరికి జరిగాను.

“యూనివర్సిటీ మొత్తానికి నాకు గోల్డ్ మెడల్ వచ్చింది” అన్నారు సార్ ఇంగ్లీషులో.

నేను మర్యాదగా, నెమ్మదిగా, ఉపన్యాసం చెప్పే గొంతుతోనే తెలుగులో అన్నాను: “మా నాన్న డోంగీ ఇంకా రాలేదు. ఆటోలున్న అన్నయ్యలందరూ లేచి, ఆటోలు తెచ్చి సముద్రం కేసి పెట్టి లైట్లు వెయ్యండి. ఎవురూ అరవకండి. నా ముఖం కేసే చూస్తన్నట్టు ఉండండి.”

వెనక వరసలో గరగరమని కుర్చీలు జరిగాయి. ఆటో నడిపే మా బావ లేచి, “అలాగే! ఇప్పుడే తెచ్చీస్తాను!” అని అరిచి పరుగెత్తాడు. (అరవొద్దన్నది వాడికి అర్థం కాదు.)

“ఏమంటున్నాడు?” అన్నారు సార్.

“మెడల్ సంగతి వినగానే ఆవేశం వచ్చింది సార్.”

సార్ సంతోషించారు. “ఆ తర్వాత నా ఎదుగుదల చూసి సహోద్యోగులు ఓర్వలేకపోయారు” అన్నారు. నేను, “టీ దీదీ, నీ కొట్లో లైటు వేసీ. పక్క కొట్లకీ చెప్పు. మొదట వచ్చిన ఆటోలు జెట్టీ ఎడమ పక్కకి, తర్వాతవి జనం వెనకాలకి” అన్నాను. మా మధ్య ఉండి తెలుగు నేర్చుకున్న దీదీ అప్పటికే లేచింది. “అమెరికాలో ఒక సదస్సులో నా పేపర్ విని అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు” అన్నారు సార్. “అమ్మా, ఏడవకు, నువ్వు మెట్ల దగ్గర నిలబడి ఫోను టార్చీ ఊపు, నీ చేయి ఊపు నాన్నకి తెలుస్తాది” అన్నాను. ఇంత చక్కటి అనువాదం నేను మళ్ళీ జన్మలో చేయలేదు. ఆయన ఒక్కో పదవి ఎక్కుతున్నకొద్దీ నా వాళ్ళు ఒక్కో వరుస ఖాళీ చేసి వెళ్తున్నారు. పెద్ద ఆఫీసరు గారు మాల మీద గడ్డం ఆనించి ఎప్పుడో నిద్రపోయారు.

ఆటోలు వచ్చాయి. ఒకటి, రెండు, తర్వాత లెక్క తెలియలేదు. జనం వెనక వరసగా నిలబడి, హెడ్‌లైట్లు ఒక్కసారిగా వేశాయి. ఆ వెలుగు మా ఇద్దరి మీద పడి, మమ్మల్ని దాటుకుని నీళ్ళ మీదకు పోయింది. సార్ కళ్ళు చికిలించారు. తర్వాత ఆయన ముఖం వికసించింది. అన్ని వాహనాలు తన ఒక్కడి మీదే వెలుగు పోస్తున్నాయని ఆయనకు నిమిషంలో అర్థమైపోయింది. ఛాతీ ముందుకు పెట్టి, “ఇన్ని త్యాగాల తర్వాత, పెద్ద నగరాలు వదులుకుని, నేను ఈ దీవులకు వచ్చాను!” అన్నారు. (ఇంకెక్కడా ఖాళీ లేక వచ్చారు.)

నేను అనువదించలేదు. నేను వెనక్కి తిరిగి చూడకూడదు, జనం ముఖాలే చూస్తున్నాను. ముసలత్త నోరు తెరుచుకుని చూస్తోంది. పిల్లను చంకనేసుకున్న ఒకామె మెడ సాచింది. అందరి కళ్ళూ సార్ భుజం మీదుగా ఎటో ఉన్నాయి. అప్పుడు అందరి చెవులకూ ఒకేసారి తెలిసింది, టుక్ టుక్ టుక్‌మని ఇంజను మోత.

జనమంతా ఒక్కుమ్మడిగా లేచారు. చప్పట్లు, ఈలలు, కేకలు. ముసలత్త కుర్చీ మీద కొట్టింది. ఆడవాళ్ళు బోరున ఏడ్చారు. మా అమ్మ మెట్ల దగ్గర కూలబడి చేపల బుట్టను కావలించుకుని ఏడుస్తోంది. సార్ ఆనందబాష్పాలు తుడుచుకుని, రెండు చేతులూ జోడించి అందరికీ దండం పెట్టారు. ఆఫీసరు గారు ఉలిక్కిపడి లేచి, ఏమైందో తెలియక చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫరు ఆ దృశ్యాన్ని తీశాడు. మా నాన్న తడిసిన లుంగీతో మెట్లెక్కి పైకి వచ్చేసరికి, కోటు వేసుకున్న పెద్దమనిషి చేతులు జోడించి తన వైపు తిరిగారు. నాన్న కంగారుపడి తనూ దండం పెట్టి, నన్ను చూసి గుసగుసగా అడిగాడు: “ఎవురే ఈ బాబు? నాకెందుకు దండాలెడతన్నాడు? ఇంజను బెల్టు తెగిపోనాది గానీ, ఇంత మేళం ఏటి?”

ఆ తడి బనీను మీద తల ఆనించి, ఉప్పు వాసన, డీజిల్ వాసన పీలుస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఫైలు పోతే పోనీ అనుకున్నాను. జీవితంలో నాకు అంత తేలిగ్గా అనిపించిన సాయంత్రం ఇంకొకటి లేదు.

ఆరున్నరకు సార్ దీపాలు వెలిగాయి. అప్పటికి జనం చేపల దగ్గరికి పోయారు, ఆఫీసరు గారు కారెక్కి వెళ్ళిపోయారు. ఖాళీ కుర్చీల మీద, పడుకున్న నాలుగు కుక్కల మీద వెలుగు పడింది. పొద్దున తెల్లారి ఎండ వచ్చేశాక కూడా, ఆరున్నర దాకా అవి అలాగే వెలుగుతూ ఉన్నాయి. మర్నాడు టీ దీదీ తన పాత బల్బును సార్ వేయించిన స్టీలు స్తంభానికే తాడుతో కట్టింది. నా పర్మనెంటు ఫైలు మీద సార్, ‘ప్రజల గుండెలను తాకేలా అనువదించగల నేర్పు’ అని రాసి సంతకం పెట్టారు. ఆటో హెడ్‌లైట్ల ఫొటోను ‘యూనివర్సల్ షెడ్యూలు ఫలితం’ అని కింద రాసి పేపర్లో వేసుకున్నారు. ఆ పై పదవి ఆయనకే వచ్చింది.

నిరుడు ఆయన వీడ్కోలు ఉపన్యాసం ఆన్‌లైన్‌లో జరిగితే నేనూ కూర్చుని విన్నాను. ఆయన గొంతు వణుకుతూ, “అండమాన్‌లో నా జీవితం విని జాలరి స్త్రీలు వెక్కివెక్కి ఏడ్చారు. చదువంటే అది” అన్నారు. మైకు తెరిచి నిజం చెప్పేద్దామని చేయి ముందుకు వెళ్ళింది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. నవ్వొచ్చింది. ఆయన ముసలివాడయ్యారు, చెంపలు జారాయి, కోటు మాత్రం అలాగే ఉంది. నేనూ ఇప్పుడు డిపార్ట్‌మెంటు హెడ్‌ని, నా జుట్టూ తెల్లబడుతోంది, నా పేరుకు ముందూ ఒక పొడుగాటి బిరుదు తగులుకుంది. ఈ మధ్య చౌల్దారీలో ఒక బడికి ముఖ్య అతిథిగా పిలిచారు. నేను నా కష్టాలు, నా చదువు చెబుతుంటే పిల్లలంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. నేను ముందుగా వెనక్కి తిరిగి చూశాను. నా వెనక భోజనాల బండి వచ్చి ఉంది.